పాప్ స్మియరా, హెచ్‌పీవీ పరీక్షా, వీఐఏనా? ఎవరికి ఏది సరిపోతుంది

"పోయిన నెలే స్కానింగ్ చేయించాను, గర్భసంచి బాగుందన్నారు. మళ్లీ ఈ పరీక్ష ఎందుకు?" గర్భాశయ ముఖద్వారం పరీక్ష మాట ఎత్తగానే మన ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న ఇదే. అడగడంలో తప్పేమీ లేదు, ఆ రెండింటికీ తేడా చెప్పేవాళ్లే తక్కువ. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో ఫైబ్రాయిడ్లు, అండాశయాల్లో నీటి గడ్డలు, గర్భసంచి లోపలి పొర మందం కనిపిస్తాయి. గర్భసంచి కింది కొసన యోనిలోకి తెరుచుకునే భాగమే ముఖద్వారం. అక్కడి కణాలు మారడం మొదలైతే ఆ సంగతి స్కాన్‌కు దొరకదు. నొప్పి ఉండదు, రక్తం కనపడదు. కానీ ఆ దశలో దొరికితే కొద్ది నిమిషాల చికిత్సతో పోయే సమస్య అది. ఏళ్ల తరబడి వదిలేస్తే క్యాన్సర్ కావచ్చు.

ప్రపంచవ్యాప్తంగా క్యాన్సర్ లెక్కలు వేసే గ్లోబొకాన్ 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మందికి ఈ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80,000 మంది చనిపోయారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ల మహిళలను అడిగితే, ఎప్పుడైనా ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకున్నామన్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. కాబట్టి మూడు పరీక్షల్లో ఏది గొప్పదన్న చర్చకు ముందు చెప్పాల్సింది ఒకటుంది: అసలు చేయించుకోకపోవడం కంటే వీటిలో ఏదైనా మేలే. అయితే మీకు ఎంచుకునే వీలుంటే తేడాలు తెలిసి ఎంచుకోండి. ఫలితం చేతికి వచ్చాక ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయనవసరం లేదో, పరీక్షకు ముందే తెలుసుకోండి. మన రెండు రాష్ట్రాల్లో ఆ రెండోదాని అవసరం చాలా ఉంది, కాసేపట్లో దాని దగ్గరకొస్తాను.

మూడూ మూడు వేర్వేరు దశలను చూస్తాయి

ఈ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హ్యూమన్ పాపిలోమా వైరస్ వల్లే వస్తుంది. పొట్టిగా హెచ్‌పీవీ. ఈ సంబంధాన్ని తేల్చిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. ఈ వైరస్‌లో వందకు పైగా రకాలున్నా, క్యాన్సర్ దాకా తీసుకెళ్లేవి పద్నాలుగు దాకా ఉంటాయి. వాటిలోనూ 16, 18 అనే రెండు రకాలే ప్రపంచవ్యాప్తంగా పదింట ఏడు కేసులకు కారణం. దాంపత్య జీవితం మొదలుపెట్టిన చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌పీవీ సోకుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది, వచ్చిన సంగతీ పోయిన సంగతీ తెలియదు. మిగిలిన కొద్దిమందిలో అది ఏళ్ల తరబడి ఉండిపోయి కణాలను మార్చడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి క్యాన్సర్ కావడానికి మామూలుగా 15-20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి చికిత్స తీసుకోనివారిలో 5-10 ఏళ్లు చాలు.

ఈ సుదీర్ఘ ప్రయాణంలో హెచ్‌పీవీ పరీక్ష వైరస్ ఉందా అని చూస్తుంది. పాప్ స్మియర్ కణాలు మారాయా అని చూస్తుంది. వీఐఏ ఆ మార్పు మచ్చలా కంటికి కనిపిస్తుందా అని చూస్తుంది. ఎంత ముందు దశను చూస్తే అంత ముందుగా ప్రమాదం తెలుస్తుంది, కానీ తనంతట తానే తగ్గిపోయేవి కూడా అంతే ఎక్కువగా బయటపడతాయి. మూడింటి మంచీ చెడూ ఇక్కడి నుంచే పుడతాయి.

వీఐఏ: పీహెచ్‌సీలో దొరికేది

ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్‌లో మీకు ఎదురయ్యేది ఎక్కువగా ఇదే. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30-65 ఏళ్ల మహిళలందరికీ ఐదేళ్లకోసారి చేయాలి. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్కులు మంగళవారాల్లో చేసే పరీక్షల్లో క్యాన్సర్ స్క్రీనింగూ ఉంది. మీ ఊళ్లో ఏ రోజు చేస్తున్నారో ఆశా కార్యకర్తను గానీ ఏఎన్‌ఎంను గానీ అడిగితే చెబుతారు.

చేసే పద్ధతి తేలిక. యోనిని తెరిచి ఉంచే స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి, వెనిగర్ లాంటి 3-5 శాతం ఎసిటిక్ యాసిడ్‌ను దూదితో ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు వచ్చిన చోట తెల్లని మచ్చ తేలుతుంది. ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది, ఖర్చు లేదు, మళ్లీ రమ్మనే పని లేదు. పనికి పోకపోతే ఆ రోజు కూలి పోయే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

బలహీనత చూసే కంటిలో ఉంది. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ముఖద్వారం ఒరుసుకుపోయి ఉన్నా తెల్లగా కనిపించవచ్చు. శిక్షణ సరిగా లేకపోతే నిజమైన మచ్చ తప్పిపోవచ్చు. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో నర్సులు వీఐఏ చేసి, మచ్చ కనిపించినవారికి వీలైతే అప్పుడే ఆ పొరను చలితో మాడ్చే శీతల చికిత్స చేశారు. 2007లో వచ్చిన ఫలితాల్లో ఈ క్యాన్సర్ మరణాలు మూడో వంతు దాకా తగ్గాయి. ముంబయి మురికివాడల్లో ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేసినప్పుడు 31 శాతం తగ్గాయి. అదే పరీక్ష మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో ఒక్కసారి చేసి వదిలేస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చేసే మనిషి నైపుణ్యం, ఆ వెంటనే చికిత్స, కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష: వీటిని బట్టే వీఐఏకు విలువ.

ఇంకొకటి గుర్తుంచుకోండి. నెలసరి ఆగిపోయాక, అసలు చూడాల్సిన భాగం ముఖద్వారం లోపలికి వెళ్లిపోతుంది. యాభై దాటినవారికి వీఐఏ చేసి 'నార్మల్' అన్నారంటే దాన్ని పూర్తిగా నమ్మవద్దు. వాళ్లకు హెచ్‌పీవీ పరీక్ష మేలు.

పాప్ స్మియర్: రిపోర్టు చదవడం వస్తేనే

మనవాళ్లకు పేరు బాగా తెలిసిన పరీక్ష ఇదే. గ్రీస్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన జార్జ్ పాపనికొలావ్ పేరు మీద వచ్చింది, 1940ల నుంచి వాడుకలో ఉంది. చిన్న బ్రష్‌తోనో చెక్కపుల్లతోనో ముఖద్వారం మీద నుంచి కణాలు తీసి, గాజు పలక మీద పూసి, మైక్రోస్కోపు కింద పాథాలజిస్టు చూస్తారు. కణాలను సీసాలోని ద్రవంలో వేసి పంపేది ఎల్‌బీసీ. దానికి ఖర్చు ఎక్కువ. శాంపిల్ చాలలేదని వెనక్కి పంపే బెడద తక్కువ, అవసరమైతే అదే సీసాలోంచి హెచ్‌పీవీ పరీక్షా చేయొచ్చు. అంతే తప్ప జబ్బును మామూలు పాప్ కంటే గొప్పగా పట్టేస్తుందని ఏమీ లేదు.

అమెరికా, ఐరోపాల్లో ఈ క్యాన్సర్ మరణాలు అంతగా తగ్గడానికి పాప్ స్మియరే కారణం. అక్కడ దాన్ని ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా చేశారు. ఒకసారి తప్పిపోయినది మూడేళ్ల తర్వాత దొరికేది. ఒక్కసారి మాత్రమే చేసిన పాప్ స్మియర్ ముదిరిన మార్పులున్న పదిమందిలో ముగ్గురు నలుగురిని వదిలేయవచ్చు. మహిళా దినోత్సవం రోజు క్యాంపులో ఒక పాప్ స్మియర్ చేయించుకుని ఇక జీవితానికి సరిపోయిందనుకుంటే అది తప్పుడు ధైర్యమే. మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో వచ్చే పాప్‌కూ ఇదే మాట వర్తిస్తుంది. మూడేళ్లకోసారి క్రమంగా చేయించుకోగలిగితేనే దీనిమీద ఆధారపడండి.

పాప్‌లో మిగతా రెండింటికీ లేని సుగుణం ఒకటుంది. కణాలను నేరుగా చూస్తారు కాబట్టి క్యాన్సర్ సంగతే కాక మరికొన్ని విషయాలూ బయటపడతాయి. రిపోర్టు చేతికి రాగానే కంగారు పుట్టేదీ ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

మొదట శాంపిల్ సరిపోయిందా లేదా అని ఉంటుంది. 'అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ' అంటే జబ్బు ఉందని కాదు, కణాలు చాలలేదని. మళ్లీ ఇవ్వాలి. తర్వాత అసలు ఫలితం. 'ఎన్‌ఐఎల్‌ఎమ్' అని ఉంటే క్యాన్సర్ గానీ దానికి ముందు మార్పులు గానీ కనిపించలేదని అర్థం. దాని పక్కనే చాలాసార్లు 'ఇన్‌ఫ్లమేటరీ స్మియర్' అని ఉంటుంది. మన దగ్గర సగం టెన్షన్ ఈ రెండు మాటలతోనే. వాపు కణాలు కనిపించాయని మాత్రమే దాని అర్థం. దురద, వాసన, మంట లాంటివి ఉంటే డాక్టరు చూసి మందు ఇస్తారు. ఏ ఇబ్బందీ లేకపోతే ఆ మాట చూసి యాంటీబయాటిక్ కోర్సులు వాడనవసరం లేదు, క్యాన్సర్ వస్తుందని భయపడనవసరం అంతకన్నా లేదు.

'ట్రైకోమొనాస్' అని ఉంటే అది కలయిక వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్, భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి. 'క్యాండిడా' అంటే ఫంగస్. 'షిఫ్ట్ ఇన్ ఫ్లోరా' అంటే యోనిలో మామూలుగా ఉండే మంచి బ్యాక్టీరియా తగ్గింది, తెల్లబట్ట, చేపవాసన ఉంటే చికిత్స తీసుకోవాలి. కాపర్‌-టి వేయించుకున్నవారిలో 'ఆక్టినోమైసెస్' అని రాస్తుంటారు, నొప్పీ జ్వరమూ లేకపోతే దానికోసం కాపర్‌-టి తీసేయనవసరం లేదు. 'అట్రోఫిక్' అంటే నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి పొర పలచబడింది. మంట, కలయికలో నొప్పి ఉంటే దానికి మంచి చికిత్సే ఉంది, చాలామంది ఆడవాళ్లు వయసు వల్లేలే అని సర్దుకుపోతున్నారు.

ఇక పట్టించుకోవాల్సినవి. 'ఆస్కస్' అంటే తేల్చి చెప్పలేని చిన్న మార్పు, హెచ్‌పీవీ పరీక్ష చేస్తే దారి తేలుతుంది. 'ఎల్‌ఎస్‌ఐఎల్' తేలికపాటి మార్పు, చాలాసార్లు తనే తగ్గిపోతుంది, అయినా డాక్టరు చెప్పినప్పుడు మళ్లీ వెళ్లాలి. 'హెచ్‌ఎస్‌ఐఎల్' (ముదిరిన మార్పు), 'ఆస్క్-హెచ్' (ముదిరిన మార్పు ఉందేమోనన్న అనుమానం) అని ఉంటే వాయిదా వేయకుండా కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే పరీక్షకు వెళ్లాలి. 'ఏజీసీ' అరుదు. అది ఒక్కోసారి ముఖద్వారం లోపలి గ్రంథుల నుంచీ, ఒక్కోసారి గర్భసంచి లోపలి పొర నుంచీ వచ్చే మార్పు కావచ్చు, రెండింటినీ చూడమని అడగండి. 45 దాటినవారి రిపోర్టులో 'ఎండోమెట్రియల్ సెల్స్' అని రాసి ఉంటే అది కూడా డాక్టరుకు చూపించాల్సిందే, నెలసరి ఆగిపోయినవారైతే మరీ ముఖ్యం.

హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష: జీవితంలో ఒకటి రెండుసార్లే వీలైతే ఇదే

ఉస్మానాబాద్ జిల్లాలో జరిగిన అధ్యయనం గురించి పైన ఒక ముక్క చెప్పాను. బార్షీ క్యాన్సర్ కేంద్రం, ముంబయి టాటా మెమోరియల్ కలిసి 30-59 ఏళ్ల 1,31,746 మంది గ్రామీణ మహిళలను నాలుగు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు హెచ్‌పీవీ, ఒకదానికి పాప్, ఒకదానికి వీఐఏ, అన్నీ ఒక్కసారే. నాలుగో గుంపుకు మామూలుగా అందే వైద్యమే. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే హెచ్‌పీవీ గుంపులో ఈ క్యాన్సర్‌తో 34 మంది చనిపోయారు, నాలుగో గుంపులో 64 మంది. పాప్, వీఐఏ గుంపుల్లో అంత స్పష్టమైన తేడా కనపడలేదు. 2009లో ప్రచురితమైన ఈ ఫలితాలు ప్రపంచమంతటా విధానాలను మార్చాయి. ఇది మనలాంటి పల్లెల్లో, మనలాంటి ఆడవాళ్ల మీద తేలిన సంగతి. అందుకే నాకు దీనిమీద ఇంత గురి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచనా ఇదే: 30 ఏళ్ల నుంచి, 5-10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష. కనీసం 35 ఏళ్లకు ఒకసారి, 45కు మరోసారి అయినా జరగాలన్నది లక్ష్యం. హెచ్‌ఐవీ ఉన్నవారు 25 నుంచే మొదలుపెట్టి 3-5 ఏళ్లకోసారి చేయించుకోవాలి. ఈ పరీక్ష నెగెటివ్ వస్తే కనీసం ఐదేళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. అంత నమ్మకం పాప్ ఇవ్వలేదు.

ఖర్చు దీనికి అడ్డంకి. మామూలు పాప్ కొన్ని వందల్లో అయిపోతే ఇది వెయ్యి దాటుతుంది, ల్యాబును బట్టి ఇంకా పెరుగుతుంది. అయినా మూడేళ్లకోసారి పాప్‌కు పెట్టే డబ్బూ, సెలవూ, ఆటో ఛార్జీలూ కలిపి లెక్కేస్తే తేడా అంత ఉండదు. ల్యాబులో అడిగేటప్పుడు 'హై రిస్క్ హెచ్‌పీవీ డీఎన్‌ఏ' అని స్పష్టంగా అడగండి, 16, 18 రకాలను విడిగా చెబుతారా అని కూడా అడగండి. 'లో రిస్క్' రకాల పరీక్ష క్యాన్సర్ స్క్రీనింగ్‌కు పనికిరాదు, దానికి డబ్బు కట్టకండి. రక్తంతో ఈ పరీక్ష జరగదు. హెచ్‌ఐవీ లేనివారు ముప్పై లోపు చేయించకండి, ఆ వయసులో పాజిటివ్ రావడం మామూలే, దానంతట అది పోతుంది, మధ్యలో మీకు నిద్ర చెడటం తప్ప లాభం లేదు.

పాజిటివ్ వస్తే ఇంట్లో వచ్చే మొదటి అనుమానం గురించి దాచకుండా చెప్పుకోవాలి. "ఇది ఎవరి నుంచి వచ్చింది?" ఈ ప్రశ్నకు పరీక్ష దగ్గర సమాధానం లేదు. వైరస్ పదేళ్ల కిందటో, ఇరవై ఏళ్ల కిందటో వచ్చి కదలకుండా ఉండి ఇప్పుడు కనపడవచ్చు. పెళ్లికి ముందు ఇద్దరిలో ఎవరికి వచ్చిందో తేల్చే మార్గం లేదు. ఆ కాగితం పట్టుకుని భార్యను నిలదీసే భర్తకు గానీ, భర్తను అనుమానించే భార్యకు గానీ వైద్యశాస్త్రం మద్దతు ఇవ్వదు. భర్తకు పరీక్ష అవసరం లేదు, వైరస్‌కు మందూ లేదు. 16 గానీ 18 గానీ ఉంటే నేరుగా కాల్పోస్కోపీ. మిగతా రకాలైతే పాప్ చేసి చూస్తారు, అది బాగుంటే ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష. పాజిటివ్ వచ్చినవారిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు, రాదు కూడా.

శాంపిల్ మీరే తీసుకునే పద్ధతీ ఉంది. మెత్తని బ్రష్‌ను యోనిలో పెట్టి కొన్నిసార్లు తిప్పి, ఇచ్చిన ట్యూబులో వేసి పంపడమే. పీసీఆర్ పద్ధతిలో చేసే ల్యాబు అయితే డాక్టరు తీసిన శాంపిల్‌తో సమానంగా పనిచేస్తుందని తేలింది. స్పెక్యులమ్ అంటే భయం ఉన్నవారికి, మగ డాక్టరు ఉంటాడని సంకోచించేవారికి, ఎన్నేళ్లు చెప్పినా ఆస్పత్రికి రాని అత్తగారికి ఇది వరం. ఇలా తీసిన శాంపిల్‌తో పాప్ చేయలేరు. పాజిటివ్ వస్తే అప్పుడు ఆస్పత్రికి వెళ్లక తప్పదు, అంతవరకు సిద్ధపడే చేయించండి.

పాప్, హెచ్‌పీవీ రెండూ కలిపి చేసే కో-టెస్ట్ పెద్ద ఆస్పత్రుల్లో ఎక్కువగా రాస్తారు. హెచ్‌పీవీ ఒక్కటే చేస్తే వచ్చే భరోసా కంటే అది ఇచ్చే అదనం చాలా కొంచెం, ఖర్చు మాత్రం పెరుగుతుంది. చేతిలో డబ్బుంటే చేయించుకోండి, లేదని బాధపడకండి.

"పుండు ఉంది, గర్భసంచి తీసేద్దాం" అంటే

ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తు లేకపోయినా ఇది గుర్తుంచుకోండి. దేశంలో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ రెండు రాష్ట్రాల అంకెలు దేశ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ. వాళ్లలో నలభై కూడా నిండనివారు ఎందరో. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

మా దగ్గరి బంధువు ఒకామె, ముప్ఫై ఆరేళ్లు, తెల్లబట్ట అవుతోందని ఒక ఆస్పత్రికి వెళ్లింది. స్పెక్యులమ్ పెట్టి చూసి "గర్భసంచి మూతి దగ్గర పుండు ఉంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. ఆపరేషన్‌కు తేదీ కూడా రాసిచ్చారు. పరీక్ష ఏదీ చేయలేదు. ఇంకోచోట హెచ్‌పీవీ పరీక్ష చేయిస్తే నెగెటివ్. పాప్‌లో ట్రైకోమొనాస్ కనపడింది. భార్యాభర్తలిద్దరికీ మందులిచ్చారు, తెల్లబట్ట తగ్గిపోయింది. గర్భసంచి ఆమె దగ్గరే ఉంది.

ఆ 'పుండు' చాలాసార్లు పుండు కానే కాదు. ముఖద్వారం లోపలివైపు ఉండే ఎర్రని పొర బయటికి కనిపిస్తుంటే దాన్ని ఎక్ట్రోపియన్ అంటారు. వయసులో ఉన్నవారిలో, గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో అది సహజం. పాతకాలం వాడుకలో దాన్ని 'ఎరోజన్' అనేవారు, మనవాళ్ల నోట అది పుండు అయింది. క్యాన్సర్‌కూ దానికీ సంబంధం లేదు. నిజంగా అనుమానాస్పదమైన పుండు అయితే బయాప్సీ చేయకుండా ఎవరూ ఆపరేషన్‌కు తొందర పెట్టకూడదు, ఎందుకంటే క్యాన్సర్ అయి ఉంటే చేయాల్సిన ఆపరేషనే వేరు, ఒక్కోసారి ఆపరేషన్ బదులు రేడియేషనే సరైనది. అంటే బయాప్సీ లేకుండా గర్భసంచి తీయడం క్యాన్సర్ లేనివారికీ నష్టమే, ఉన్నవారికీ నష్టమే.

ముందు మార్పులు నిజంగానే ఉన్నాయని తేలినా గర్భసంచి మొత్తం తీయనవసరం దాదాపు రాదు. కాల్పోస్కోపీలో పెద్దదిగా చూపించే కెమెరాతో చూసి, అనుమానం ఉన్నచోట బియ్యపు గింజంత ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. బయాప్సీ రిపోర్టులో ముందు మార్పుల తీవ్రతను 'సిన్' అని 1 నుంచి 3 దాకా అంకెల్లో రాస్తారు. 'సిన్ 1' అంటే చాలావరకు ఎదురు చూడటమే. 'సిన్ 3' అంటే వదలకూడదు. న్యూజిలాండ్‌లో ఒకప్పుడు సరైన చికిత్స ఇవ్వకుండా వదిలేసిన మహిళలను తర్వాత లెక్క చూస్తే, ముప్పై ఏళ్లలో పదిమందిలో ముగ్గురికి క్యాన్సర్ వచ్చింది. 'సిన్ 2' వయసునూ పిల్లలు కావాలా అన్నదాన్నీ బట్టి డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సింది. చికిత్స అంటే వేడితోనో చలితోనో ఆ పొరను మాడ్చడం, లేదా లీప్ అనే పద్ధతిలో సన్నని కరెంటు తీగతో ఆ భాగం వరకే తీయడం. లోకల్ అనస్థీషియా చాలు, సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. లీప్ తర్వాత కాన్పు నెలలు నిండకముందే అయ్యే అవకాశం కొద్దిగా పెరుగుతుంది కాబట్టి తర్వాతి గర్భంలో డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖపట్నం దగ్గర టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి లాంటి చోట్లకు వెళ్లి రెండో అభిప్రాయం తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మరి మీకేది?

ముప్పై దాటి, ఇంతవరకు ఏ పరీక్షా చేయించుకోని ఆమెకు నా సలహా హెచ్‌పీవీ డీఎన్‌ఏ. డబ్బు కుదరకపోతే, వయసు యాభై లోపు ఉంటే, దగ్గర్లో శిక్షణ ఉన్న నర్సు లేదా డాక్టరు ఉంటే వీఐఏ. అది ఈ నెలలోనే చేయించండి, హెచ్‌పీవీకి డబ్బు కూడేదాకా ఆగొద్దు. ఇప్పటికే మూడేళ్లకోసారి పాప్ క్రమంగా చేయించుకుంటున్నవారు అలాగే కొనసాగినా సరే, తర్వాతిసారి హెచ్‌పీవీకి మారితే ఐదేళ్లకోసారి సరిపోతుంది. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవారికీ పరీక్ష తప్పదు, టీకా అన్ని రకాలనూ ఆపదు.

కలయిక తర్వాత రక్తం కనపడినా, నెలసరి ఆగిపోయాక మళ్లీ చుక్క కనిపించినా, నెలసరుల మధ్య రక్తస్రావం అయినా, నీళ్లలా దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా వీటిలో ఏది ఎంచుకోవాలన్న ఆలోచనే వద్దు. అది స్క్రీనింగ్ విషయం కాదు. పోయిన నెల రిపోర్టు నార్మల్ అని ఉన్నా సరే గైనకాలజిస్టు నేరుగా చూడాలి. అలాగే ఈ మూడు పరీక్షల్లో ఏదీ అండాశయ క్యాన్సర్ గురించి, పీసీఓడీ గురించి, ఫైబ్రాయిడ్ల గురించి చెప్పదు.

పాప్‌కు నెలసరి అయిపోయిన కొన్ని రోజులకు వెళ్లడం మంచిది. రెండు రోజుల ముందు నుంచి లోపల పెట్టే మందులు, క్రీములు వాడకండి, కలయిక వద్దు, లోపల కడుక్కోవడం వద్దు. మూత్రం పోసుకుని వెళితే ఇబ్బంది తక్కువ. ఆడ డాక్టరు కావాలని అడగడం మీ హక్కు. నొప్పిగా ఉంటే ఆపమని చెప్పడమూ మీ హక్కే.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు పద్ధతులు వేరు. ఆస్ట్రేలియా 2017 డిసెంబరులోనే పాప్ మానేసి 25-74 ఏళ్లవారికి ఐదేళ్లకోసారి హెచ్‌పీవీకి మారింది, 2022 జులై నుంచి ఎవరైనా శాంపిల్ తామే తీసుకోవచ్చు. బ్రిటన్‌లో 25 నుంచి 64 దాకా పిలుపు దానంతటదే వస్తుంది, పట్టించుకోకుండా వదిలేయకండి. అమెరికాలో 2024 మేలో క్లినిక్‌లో స్వయంగా తీసుకునే శాంపిల్‌కూ, 2025 మేలో ఇంట్లో వాడే కిట్‌కూ అనుమతి వచ్చింది. అక్కడ చేయించుకున్న రిపోర్టులు ఇండియాకు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంటే ఇక్కడ అదే పరీక్ష మళ్లీ చేయించుకునే పని తప్పుతుంది.

అరవై ఐదు దాటిన అమ్మకు ఇక అక్కర్లేదా? అంతకుముందు పదేళ్లలో క్రమంగా చేసిన పరీక్షలన్నీ బాగుంటే ఆపేయొచ్చు. మన అమ్మల్లో చాలామందికి ఒక్కసారి కూడా జరగలేదు కాబట్టి వాళ్ల విషయంలో వయసు చూసి వదిలేయకుండా ఒక హెచ్‌పీవీ పరీక్ష చేయించండి. గర్భసంచి ఎప్పుడో తీసేశారంటే ఆపరేషన్ కాగితాలు వెతకండి. 'టోటల్ హిస్టరెక్టమీ' అని ఉండి, తీసినది ఫైబ్రాయిడ్ల లాంటి కారణానికైతే ఇక పరీక్ష అక్కర్లేదు. 'సబ్‌టోటల్' అని ఉంటే ముఖద్వారం లోపలే ఉంది, పరీక్ష కావాలి. ముందు మార్పులున్నాయని తీసి ఉంటే ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పరీక్షలు అవసరం. కాగితాలు దొరకకపోతే గైనకాలజిస్టు ఒకసారి స్పెక్యులమ్ పెట్టి చూస్తే ముఖద్వారం ఉందో లేదో రెండు నిమిషాల్లో చెప్పేస్తారు.